మ్యాపుకి వానకోటు

"ఈ పట్టు రంగు దిగదు కదా?"

"మూడు ఉతుకులయ్యాక వచ్చి అడగండి."

కోడ్ వర్డ్ సరిపోయింది. బరంపురం బజారులో పట్టుచీరల కొట్టు గుమాస్తా చెవి సందున పెన్సిలు సర్దుకుని, తలుపు ఓరగా వేశాడు. ఆ గుమాస్తా పేరు వైకుంఠరావు. అసలు ఉద్యోగం ఈ తీరానికంతటికీ గూఢచారి విభాగం చీఫ్. వేషం ఎంత బాగా కుదిరిందంటే, పొద్దుటి నుంచి నిజంగానే నాలుగు చీరలు అమ్మేశాడు.

ఎదురుగా కూర్చున్నవాడు కూర్మారావు. డిపార్ట్‌మెంటులో అతని కోడ్ నేమ్ 'చెదపురుగు'. బయట లోకానికి మాత్రం పాత సంస్థానపు రికార్డు ఆఫీసులో చివికిపోయిన కాగితాలకు వైద్యం చేసే కన్సర్వేషన్ టీమ్ లీడరు. ఆ వేషం వేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడది వేషమో, తనే అదో అతనికే తెలియదు.

"బ్రీఫింగ్ చిన్నదే" అన్నాడు చీఫ్. "మీ టేబుల్ మీద గంజాం పాత రేవు మ్యాపు ఉంది. నీళ్ల కింద రాళ్లెక్కడున్నాయో, వాటి మధ్య లాంచీ పట్టే సందు ఎక్కడుందో ఆ ఒక్కదాంట్లోనే ఉంది. శత్రుదేశపు గూఢచారుల రింగ్ ఒకటి దానికోసం కాచుక్కూర్చుంది. సముద్రంలో ఓడ, లాంచీలో పేలుడు సామాను. టార్గెట్, రుషికుల్య మీద రైలు బ్రిడ్జి."

"మ్యాపు ఇప్పుడు ఆరు ముక్కలు, సర్."

"అందుకే ఇన్నాళ్లూ ఎత్తుకుపోలేదు. నువ్వు అతికించేదాకా ఆగుతారు."

"అయితే అతికించనా, మాననా?"

"అతికించు. ఎత్తుకుపోవడానికి వచ్చేవాణ్ని పట్టుకుందాం. నీకు సాయంగా మన మనిషిని పంపుతున్నా."

అది 1971 నవంబరు. యుద్ధం గుమ్మంలోకి వచ్చేసింది. కూర్మారావు పైకి సరేనన్నాడు గానీ లోపల గుబులుగా ఉంది. అతని చేతిలో బాగుపడిన కాగితం ఏదీ ఇంతవరకూ ఎవరి ప్రాణమూ తియ్యలేదు.

సాయం మర్నాడే దిగింది. పేరు మిస్ కాషా. ఢిల్లీ నుంచి వచ్చిన కన్సర్వేషన్ అడ్వైజర్ అని పైవాళ్ల ఉత్తరం. నల్ల గాగుల్స్, చేతుల్లేని జాకెట్టు, గది దాటాక కూడా వదలని సెంటు. ఆమె అలా నడిచి వెళుతుంటే రికార్డు గుమాస్తాలు ఫైళ్లు తలకిందులుగా పట్టుకున్నారు. అసలు పేరు కాసులమ్మ, ఊరు ఇక్కడికి దగ్గరే, హుమ్మ. ఆ సంగతి చీఫ్‌కి, కూర్మారావుకి మాత్రమే తెలుసు. అతనికి ఆమె నచ్చింది కూడా. పెళ్లి చేసుకోవడం మరిచిపోయిన మనిషికి ఆ మాత్రం నచ్చడంలో తప్పేమీ లేదు.

టీమ్ చిన్నది. దాలయ్య మైదాపిండితో జిగురు కాస్తాడు. బుల్లమ్మ కాగితాన్ని ట్రేలో నీళ్లతో కడిగి, బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి ప్రెస్సులో ఆరబెడుతుంది. కూర్మారావు అతికిస్తాడు, వెనక పల్చటి సిల్కు గుడ్డ వేస్తాడు. మ్యాపు మెల్లగా ఒక్కటైంది. అంచులు పురుగు తినేసినా సముద్రం మళ్లీ సముద్రంలా కనిపించింది. దాలయ్య మురిసిపోయాడు.

"సారూ, కొత్త పెళ్లికూతురులాగుందండి."

మిస్ కాషా గాగుల్స్ తీసి తనివితీరా చూసింది. "బ్యూటిఫుల్. దీన్ని ప్లాస్టిక్ ఫిల్మ్‌లో లామినేట్ చేసెయ్యండి. నీళ్లు పడినా చెక్కు చెదరకూడదు."

"అలాగే" అన్నాడు కూర్మారావు. కానీ ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. బీరువాలో పడుకునే మ్యాపుకి వానకోటెందుకు? తడిసే చోటికి తీసుకెళ్లేవాళ్లకే ఆ బెంగ ఉంటుంది.

చీఫ్‌కి చెబుదామంటే ఋజువు లేదు. పైగా ఆమెను పంపింది ఆయనే. అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు కూర్మారావు తలుపు గడియ వేసుకున్నాడు. సముద్రపు భాగంలో రెండు ముక్కల అతుకులు తడిపి, ఊడదీసి, అటుది ఇటూ ఇటుది అటూ అతికించాడు. అంచులు తినేసి ఉన్నాయి గనక తేడా తెలియదు. రాళ్లున్న చోట సందు వచ్చింది, సందున్న చోట రాళ్లొచ్చాయి. కాగితం చేత అబద్ధం చెప్పించడం అతనికి అదే మొదలు, చాలా సిగ్గేసింది కూడా. ఫిల్మ్ ఇంకా రాలేదని ఆమెతో చెప్పి మ్యాపుని బీరువాలో పెట్టాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె పరుగున వచ్చింది. "పురుగుల గదిలో కట్టలకి బూజు పట్టింది, త్వరగా రండి."

పురుగుల గది అంటే ఉక్కు గోడల గది. పురుగుపట్టిన కట్టల్ని లోపల పేర్చి, బల్బుల మీది పలకల్లో వాముపువ్వు వేడిచేస్తే ఆ ఆవిరికి పురుగులు చస్తాయి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, దాటి గాలి పోదు. కూర్మారావు లోపలికి వెళ్లి వంగాడో లేదో వెనక తలుపు ధన్‌మని పడింది. బయట గడియ బిగిసింది. బల్బులు వెలిగాయి.

తలుపులో చేతివేలంత గాలిగొట్టం ఉంది, దానికి బయటవైపు మరమూత. అందులోంచి ఆమె గొంతు వినిపించింది.

"సారీ కూర్మారావు గారూ. మ్యాపు ఇప్పుడే జీపులో వెళ్లిపోయింది, రేవు నుంచి పడవలో లాంచీకి చేరుతుంది. చీఫ్ గారి మనుషులందరినీ తప్పుడు కబురు పెట్టి గోపాల్‌పూర్ పంపేశాను. గంజాం రేవులో ఇక ఎవరూ లేరు."

"కాసులమ్మా..."

ఆ పేరు వినగానే ఢిల్లీ భాష ఎగిరిపోయింది. "ఆ పేరెట్టి పిలవొద్దు! నాను హుమ్మ ఉప్పుమళ్లల్లో పుట్టినదాన్ని. అరికాళ్లు పగిలి నెత్తురు కారతంటే ఉప్పు తొక్కినాను. మీ దేసం నాకేటిచ్చింది?"

కూర్మారావు భుజంతో తలుపుని నెట్టి చూశాడు, అది కదల్లేదు.

ఆమె గొంతు మళ్లీ చల్లబడింది. "చీకటి పడకముందే లాంచీ సందు దాటుతుంది. దాటితే నాకు రేడియోలో కబురొస్తుంది. ఈ మూత తీసి పెట్టి వెళ్లిపోతా, రేపు ఎవరో తలుపు తీస్తారు. దాటకపోతే మూత బిగిస్తా. మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఉన్నా ఇప్పుడే చెప్పెయ్యండి, రేడియోలో దిద్దిస్తాను. మ్యాపు సరిగ్గానే ఉందా?"

కూర్మారావు గొట్టం దగ్గరికి వంగాడు. ఒక్క మాట చాలు, బతికిపోతాడు. తను తప్పు అతికించిన రెండు ముక్కలే తన బతుక్కి తాళం వేసి కూర్చున్నాయి.

"సరిగ్గానే ఉంది" అన్నాడు.

బల్బుల మీద పలకలు కాగుతున్నాయి. వాము ఘాటుకి కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి. చొక్కా అంచుతో బల్బులు పట్టుకుని, వేళ్లు కాలుతున్నా ఒక్కొక్కటే విప్పేశాడు. ఘాటు ఆగింది, చీకటి కమ్మింది. చీఫ్ ఇచ్చిన వాచీ రేడియో నొక్కాడు. విదేశీ సరుకే, కానీ ఉక్కు గోడలు దాటి కూత కూడా పోలేదు. చివరికి గాలిగొట్టానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. భయం వేసింది, దాన్ని దాచాల్సినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. బ్రిడ్జి మీద వెళ్లే రైళ్లని తలుచుకున్నాడు. వాటిలో నిద్రపోయే ముసలివాళ్లని, పాలకేడిచే పసివాళ్లని తలుచుకున్నాడు. అయినా బతకాలనే ఉంది. చెప్పెయ్యమని ప్రాణం పీకుతూనే ఉంది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు.

ఎంతసేపయిందో. గొట్టంలోంచి బుల్లమ్మ గొంతు వినబడింది.

"మేడమ్, సారేరండి?"

"గోపాల్‌పూర్ వెళ్లారు. మిమ్మల్ని ఇళ్లకి పొమ్మన్నారు."

"ఎల్లిపోనారా? పెస్సులో తడి కాయితాలొగ్గేసి?"

"అవును. ఏం?"

"బ్లాటింగులు మార్సకుండానే?"

"రేపు మారుస్తారు. వెళ్లండి."

కూర్మారావు అరవబోయాడు. గొట్టానికి అటువైపు కాసులమ్మ అరచెయ్యి అడ్డం పడింది. చెయ్యి తీసేసరికి బుల్లమ్మ "హఉ, అలాగే మేడమ్, ఎల్తాం" అంటూ ఉంది. అడుగులు దూరమయ్యాయి. కూర్మారావు తల తలుపుకి ఆనించి ఏడ్చాడు.

ఇంకాసేపటికి ఆమె హ్యాండ్‌బ్యాగులోని రేడియో గురగురలాడింది. లాంచీ దాటితే 'పెళ్లికూతురు గుమ్మం దాటింది' అనాలి. పెళ్లికూతురి ఊసే లేదు. కోడూ గీడూ మరిచిపోయి ఎవడో గావుకేక పెట్టాడు. "రాక్! రాక్! మునిగిపోతున్నాం!"

"ఎంత మోసం సేసినావు!" అంది కాసులమ్మ గొట్టంలోకి. మరమూత కిర్రుమని తిరగడం మొదలైంది. ఒక చుట్టు. రెండు చుట్లు. గాలి సన్నబడింది.

మూడో చుట్టు సగంలో ఆగిపోయింది.

దబ్బుమని ఏదో పడింది. "అమ్మో!" అన్న కేక. గడియ ఊడింది. తలుపు తెరుచుకుని వెలుతురు మీద పడేసరికి కూర్మారావు ముందుకు బోర్లా కూలాడు.

ఎదురుగా దాలయ్య, చేతిలో ఖాళీ బకెట్. అందులో రేపటి కోసం కాచి చల్లార్చిన జిగురంతా మిస్ కాషా నెత్తిన ఉంది. ఆమె బ్యాగులోంచి తీసిన పిస్తోలు జిగురుకి పట్టు చిక్కక చేపలా జారిపోయింది. బుల్లమ్మ దాని మీద కాలేసి తొక్కి నిలబడింది.

"ఎలా తెలిసింది?" అన్నాడు కూర్మారావు ఊపిరి కూడదీసుకుంటూ.

"ఏటి సారూ, తడి కాయితమొగ్గేసి నువ్వెల్లిపోతావా? మీయమ్మ సచ్చిపోనాదంటేనే బ్లాటింగులు మార్సి ఎల్లినావు" అంది బుల్లమ్మ. "ఆయమ్మ అబద్దమాడతందని అప్పుడే అనుకున్నాం. ఎల్తామని సెప్పి పెరటి తలుపున వచ్చినాం."

కూర్మారావు ఆమె చేతులు పట్టుకున్నాడు.

రాత్రి పొద్దుపోయాక చీఫ్ జీపు వచ్చింది. లాంచీ రాళ్లకు కొట్టుకుని చీలిపోయింది. ఈతకొడుతున్న నలుగురినీ, తేలుతున్న మ్యాపునీ గంజాం జాలర్లు ఒకే వలలో ఒడ్డుకు లాగారు. కూర్మారావు తడిసిన మ్యాపుని బిడ్డని అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు.

"ఆమె అటువైపు మనిషని నాకే తెలియలేదు" అన్నాడు చీఫ్ తలవంచుకుని. "నీ ప్రాణం మీదకి తెచ్చాను."

వరండాలో కానిస్టేబుళ్లు కాసులమ్మ మణికట్లకి బేడీలు వెయ్యాలని చూస్తున్నారు. ఎండిపోయిన జిగురు అట్టకట్టి అవి బిగియడం లేదు. ఒకడు గరుకు రాయి పట్టుకొచ్చాడు. ఆమె కళ్లలో భయం చూసి కూర్మారావు మ్యాపు బల్ల మీద పెట్టి గబగబా బయటికి వచ్చాడు.

"గీకొద్దు. గోరువెచ్చని నీళ్లు పొయ్యండి, అదే ఊడిపోతుంది" అన్నాడు. "ఊడి రాని జిగురు మేము ఎవరికీ వాడం."