జిగురు ఫ్యాక్టరీ దగ్గర మూడో తడి

"దెయ్యం నన్ను పట్టుకోవాలంటే ముందు గంటకి నలభై కిలోమీటర్ల స్పీడు అందుకోవాలి. అది దాని తరం కాదు" అన్నాడు సబ్బు.

సబ్బు స్పీడు గంటకి ఇరవై రెండు. అదీ వెనకనుంచి గాలి తోస్తే. దెయ్యం చెప్పులు చేత్తో పట్టుకుని, దారిలో ఇద్దర్ని పలకరించి వచ్చినా తీరిగ్గా అందుకునేది.

పైగా ఆ మాట అన్నది పట్టపగలు, అక్క వంటింట్లో. తెల్లవారుజామున నాలుగింటికి, జిగురు ఫ్యాక్టరీ వాలులో, ఎవరూ అలాంటి మాటలు అనరు. అసలు మాటలే అనరు.

ఊరు దాటాక రోడ్డు మిట్ట దిగే చోట, ఎడంపక్క ఉంటుంది ఆ ఫ్యాక్టరీ. మూతపడి పదిహేనేళ్ళు. నడిచిన రోజుల్లో లారీలకొద్దీ ఎముకలూ, గిట్టలూ, తోలుముక్కలూ తెచ్చి పెద్ద తొట్లలో ఉడకబెట్టి జిగురు తీసేవాళ్ళు. గోడలు ఆ కంపుని ఇంకా మర్చిపోలేదు. నాలుగు చినుకులు పడితే చాలు — ఎప్పటిదో కొవ్వు, ఎప్పటివో వెంట్రుకలు, ఒకరకమైన తియ్యటి కుళ్ళు, అన్నీ కలిసి రోడ్డు మధ్యకి వచ్చి నిలబడతాయి. ముక్కు మూసుకుంటే నోట్లోంచి దిగుతుంది. నోరు కూడా మూసుకుంటే... ఎలాగో దిగుతుంది.

ఒక రాత్రి షిఫ్టులో తొట్టి కలిపే మనిషి కాలుజారి అందులో పడ్డాడట. పొద్దున్నకి రబ్బరు బూట్లు రెండూ తేలాయట. మిగతా మనిషి డబ్బాల్లోకెక్కి, ఏ ఊళ్ళో ఏ కుర్చీ కాలు అతికించాడో ఎవరికీ తెలీదు.

అప్పట్నుంచి చీకట్లో ఆ వాలు దిగేవాళ్ళ మీద చుక్కలు పడతాయంటారు. వెచ్చటి చుక్కలు. వాన కాదు — వాన చల్లగా ఉంటుంది.

ఇక సబ్బు సంగతి. అసలు పేరు ల్యాబు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పని. రోజంతా పరాయివాళ్ళ నోటి అచ్చులు చేతికొస్తాయి, ఒక్కోసారి నిన్న మధ్యాహ్నం వాళ్ళు ఏం తిన్నారో కూడా ఆ అచ్చులో కనిపిస్తుంది. సబ్బు గ్లవుజుల మీద గ్లవుజులు వేసుకుంటాడు. ఎవరి గ్లాసులోనూ తాగడు. ఈతకొలనులో ఎవరి వేలిదో బ్యాండేజీ ముక్క ఒకటి తేలుతూ వచ్చి పెదవికి అంటుకుందని, రెండు పూటలు ముద్ద ముట్టలేదు.

ఇలాంటివాడికి ట్రయథ్లాన్ ఎందుకని అడక్కండి. రెండు కిలోమీటర్లు ఈత, గట్టెక్కగానే తొంభై కిలోమీటర్లు సైకిలు, ఆ పైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఎక్కడ చూసినా చెమట, చీమిడి, వాంతులు. అయినా అతనికి పిచ్చి పట్టింది. పోయినేడాది మొదటిసారి పోటీలో దిగాడు.

అరవయ్యో కిలోమీటరు దగ్గర ఒంటికి వచ్చింది. రోడ్డు పక్కన నిర్వాహకులు పెట్టిన ప్లాస్టిక్ టాయిలెట్ ఉంది. సబ్బు తలుపు తీశాడు. లోపల చూసిందేమిటో ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు. తలుపు మోచేత్తో మూసి, సైకిలెక్కి, పెట్రోలు బంకు వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్కడ బాత్రూం తాళం ఉన్న మనిషి టిఫినుకి వెళ్ళాడు. మొత్తం పదకొండు నిమిషాలు.

సైకిలు తొక్కడం ముగించాల్సిన గడువు నాలుగు నిమిషాల తేడాతో దాటిపోయింది. వెనకబడ్డవాళ్ళని ఏరుకునే వ్యానులో ఎక్కించారు. లోపల తడి సాక్సుల కంపు, పక్కసీటు మనిషి తన టోపీలోనే కక్కుకుంటున్నాడు. వ్యాను దిగేసరికి ఎదురుగా అక్క — చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

చచ్చినా ఆ వ్యాను మళ్ళీ ఎక్కకూడదని ఆ రోజే అనుకున్నాడు.

అందుకే ఈ ఏడాది బావ వెంట పడ్డాడు. అక్క మొగుడు, లిఫ్టు మెకానిక్కు, ఎనిమిదేళ్ళుగా ఈ పోటీలు చేస్తున్నవాడు. ఆదివారం తెల్లారగట్ల నాలుగింటికి ఇద్దరూ బయల్దేరాలి. ఎనభై కిలోమీటర్లు, ఎక్కడా కాలు కింద పెట్టకూడదు.

"నా వెనక చక్రానికి జానెడు దూరంలో ఉండు. గాలిని నేను కోస్తా, నువ్వు అతుక్కుని రా" అన్నాడు బావ. పోటీలో అలా వెనక నక్కకూడదు గానీ, సాధనలో ఫర్వాలేదు.

బయల్దేరేముందు బావ పెద్ద గ్లాసుడు బీట్‌రూట్ రసం తాగుతాడు. కండలకి ఆక్సిజన్ బాగా అందుతుందట. మీసమంతా ఎర్రగా, ఎవర్నో కొరికి వచ్చినట్టు ఉంటాడు.

మొదటి ఆదివారం.

వాలు మొదలైంది. వీధి దీపాలు అయిపోయాయి. ముందు బావ పెడళ్ళు తొక్కడం ఆపేశాడు. చక్రం మాత్రం టిక్... టిక్... టిక్... బావ సీటు మీంచి మెల్లగా లేచాడు. తల వంచాడు. ఒళ్ళు బిగబట్టి అలాగే ఉండిపోయాడు.

చచ్చిపోయిన మనిషికి మర్యాద చేస్తున్నాడనుకున్నాడు సబ్బు. అతనికి బావంటే గౌరవం పెరిగింది.

అప్పుడు పడింది. చెంప మీద ఒకటి... పెదవి మీద ఒకటి... ముక్కు మీద రెండు.

వెచ్చగా.

నాలుక అడక్కుండానే బయటికొచ్చి పెదవి నాకేసింది. ఉప్పగా ఉంది.

"బావా... వాన పడుతోందా?"

"లేదే."

పైన నక్షత్రాలున్నాయి.

"ఏదో పడింది బావా. వెచ్చగా..."

బావ గబుక్కున సీటు మీద కూర్చున్నాడు. తర్వాత, గొంతు తగ్గించి — "వెనక్కి చూడకు. మాట్లాడకు. పద."

వాలు దిగాక బావ సీసా తీసి తన కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. పీడ కడుక్కుంటున్నాడు కాబోలనుకుని సబ్బు కూడా తన కాళ్ళ మీద పోసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పటికి తెల్లారింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ తాత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సబ్బు ఆగాడు.

"తాతా, ఇక్కడ చుక్కలు పడతాయంటారు, నిజమేనా?"

"పడ్డాయా?"

"ఊరికే అడిగా."

తాత అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "ఒకసారి తడిస్తే, పలకరించాడని. రెండోసారి తడిస్తే, గుర్తుపట్టాడని. మూడోసారి తడిస్తే..."

"తడిస్తే?"

"ఏమో బాబూ. మూడోసారి తడిసినవాడెవడూ వచ్చి నాతో చెప్పలేదు."

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ బావ అవతలికి తిరిగి టైరులో గాలి చూసుకుంటున్నాడు. ఎన్నిసార్లు నొక్కి చూసినా అతనికి తనివి తీరలేదు.

రెండో ఆదివారం.

సబ్బు మెడ చుట్టూ తెల్ల తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. మళ్ళీ అదే వాలు, అదే చీకటి. టిక్... టిక్... బావ లేచాడు. తల వంచాడు...

ఈసారి చుక్కలు కాదు. జల్లు.

సబ్బు కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి దానంతటదే సైకిలు మీద ఉన్న సీసా దగ్గరికి వెళ్ళింది. గటగటా రెండు గుక్కలు తాగాడు. సీసా మూతి కూడా తడిగా ఉంది. వెచ్చగా, ఉప్పగా ఉంది.

కింద మొదటి దీపం దగ్గర ఆగి తువ్వాలు విప్పి చూశాడు.

తెల్ల తువ్వాలు మీద గులాబీ రంగు మచ్చలు.

"నెత్తురు..." అన్నాడు. అంతే, సైకిలు వదిలేసి రోడ్డు పక్కన వంగి, పొద్దున్న తిన్న అరటిపండు దగ్గర్నుంచి మొత్తం కక్కేశాడు. బావ వచ్చి వీపు రాశాడు. చాలాసేపు రాశాడు. అవసరానికి మించి రాశాడు.

"మానేద్దాం బావా. పోటీ వచ్చే ఏడాది చూసుకుందాం."

బావ తువ్వాలు వైపు చూడకుండా సబ్బు సైకిలు ఎత్తి నిలబెట్టాడు. చివరికి అన్నాడు — "వ్యాను గుర్తుందా?"

సబ్బుకి గుర్తుంది. టోపీ కూడా గుర్తుంది. నోరు తుడుచుకుని సైకిలెక్కాడు.

ఆ తువ్వాలుని మూడు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి బాల్కనీలో చీపురు వెనక పడేశాడు. వారమంతా ముట్టుకోడానికి ధైర్యం చాలలేదు. ఎండకి సంచి ఉబ్బింది. బాల్కనీ తలుపు మూసినా, సందుల్లోంచి జిగురు ఫ్యాక్టరీయే ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. శనివారం రాత్రి పటకారుతో పట్టుకుని అక్క ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కకి రక్త పరీక్షలూ అవీ చేసే ల్యాబులో ఉద్యోగం.

"ఇది నెత్తురో, ఎముకల జిగురో చూసి చెప్పక్కా. బావకి మాత్రం చెప్పకు."

"ఏం?"

"భయపడతాడు."

మూడో ఆదివారం. పోటీ ఇంక రెండు వారాలు.

"ఈసారి నువ్వు ముందు వెళ్ళు. నేను నీ వెనక, దూరంగా వస్తా" అన్నాడు బావ. సబ్బుకి అర్థం కాలేదు. బలికి ముందు నడిపిస్తున్నట్టే అనిపించింది.

రాత్రి వాన పడింది. వాలు మొదట్లోనే కంపు ఎదురొచ్చింది. ముందు చక్రం లేదు, బావ వీపు లేదు. సైకిలు దీపం చూపించినంత మేర తడిరోడ్డు... దాని పక్కన గోడ... గోడ చివర గేటు...

గేటు ముందు రెండు రబ్బరు బూట్లు.

మనిషి లేడు. బూట్లు మాత్రం నిటారుగా, రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. తడిగా మెరుస్తున్నాయి.

సబ్బు అరుద్దామనుకున్నాడు.

అప్పుడు తగిలింది. చెంప మీద కాదు... పెదవి మీద కాదు. తొడ మీద. వెచ్చగా... తొందర లేకుండా... తొడ మీంచి మోకాలికి, మోకాలి మీంచి పిక్కకి, పిక్క మీంచి సాక్సులోకి...

తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగా గుర్తులేదు. హ్యాండిలు మీది మీటరుకి మాత్రం గుర్తుంది. గంటకి నలభై మూడు. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న బావ, ఎంత తొక్కినా పక్క ఊరి దాకా అతన్ని అందుకోలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం అక్క వంటింట్లో ముగ్గురూ ఉన్నారు. సబ్బు తల తుడుచుకుంటున్నాడు, అప్పటికి మూడోసారి స్నానం. బావ సింకు దగ్గర బీట్‌రూట్ రసం తాగుతున్నాడు. పొద్దుటి డ్యూటీ ముగించుకొచ్చిన అక్క సంచిలోంచి ఒక కాగితం తీసింది. ల్యాబు రిపోర్టు.

"చదువుతున్నా, వినండి" అంది. "పేషెంటు పేరు, దెయ్యం. వయసు, తెలీదు. రంగు, గులాబీ. రక్తం, లేదు. షుగరు, లేదు. ప్రోటీను, కొద్దిగా. సలహా — నీళ్ళు ఎక్కువ తాగాలి, బీట్‌రూట్ తగ్గించాలి."

కుళాయి చుక్క సింకులో పడ్డ చప్పుడు వినిపించింది.

సబ్బు గ్లాసు వైపు చూశాడు. గ్లాసు మీంచి బావ ఎర్రమీసం వైపు చూశాడు.

"ఉచ్చ రా" అంది అక్క. "ముక్కున్నవాళ్ళకి సంచి విప్పగానే తెలిసిపోతుంది. పరీక్ష చేసింది మీ బావకి కాగితం మీద చూపిద్దామని."

బావ గ్లాసు కింద పెట్టాడు. "పోటీల్లో చాలామంది చేస్తారురా. దిగితే నిమిషాలకి నిమిషాలు పోతాయి. సైకిలు మీదే కానిచ్చెయ్యడం కూడా సాధన చెయ్యాలి, మొదట్లో రానే రాదు. వాలు దగ్గరైతే తొక్కక్కర్లేదు కదా అని... మొదటిసారి నువ్వు వెనకున్నావన్న సంగతే మర్చిపోయా."

"రెండోసారి?"

"రెండోసారి... ఆగలేదు."

"నాకు దెయ్యమని చెప్పావు."

"నేనెక్కడ చెప్పాను? వెనక్కి చూడకన్నాను, అంతే."

"తాగాను బావా" అన్నాడు సబ్బు నెమ్మదిగా. "సీసా మూతి మీద పడింది. రెండు గుక్కలు తాగాను."

లేచి బాత్రూంలోకి వెళ్ళాడు. అరగంట తర్వాత బయటికొచ్చేసరికి పేస్టు ట్యూబు చుట్ట చుట్టుకుపోయింది, సబ్బు పెదాలు తెల్లగా పాలిపోయాయి. అక్క నవ్వు ఆపుకోలేక గట్టు పట్టుకుని నిలబడింది. బావకే నవ్వు రావట్లేదు.

"ఒక సంగతిరా" అన్నాడు బావ. "అన్నం మీద ఒట్టు, ఈ పొద్దున మాత్రం నేను కాదు. నీకు భయం పోవాలనే నిన్ను ముందు పంపించా, ఇంట్లోనే వెళ్ళొచ్చా కూడా. నీ వెనక ముప్పై అడుగుల దూరంలో ఉన్నా. వెనకున్నవాడిది ముందున్నవాడి మీద ఎలా పడుతుంది?"

అక్క నవ్వు ఆగిపోయింది.

"ఆ లాగు ఇలా ఇవ్వు, చూస్తా" అంది.

"ఉతికేశా" అన్నాడు సబ్బు. చాలా తొందరగా అన్నాడు. "వేన్నీళ్ళలో. మూడుసార్లు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత చీకట్లో ఆ వాలు వైపు వెళ్ళనన్నది బావే. మార్కెట్టు రోడ్డున తిరిగి వెళ్దామన్నాడు. ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువైనా సరే అన్నాడు.

పోటీ రోజు వచ్చింది.

సైకిలు గడువుకి ఇంకా ఐదు నిమిషాలుండగా, మలుపు తిరిగి వచ్చాడు సబ్బు. అక్క ఈసారి చేతులు ఎత్తడమే కాదు, అరచేతులు కందేలా చప్పట్లు కొట్టింది. ఏరుకునే వ్యాను ఎక్కడో వెనక ఉండిపోయింది. పరుగులో ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ, చిట్టచివరికి అతనూ గీత దాటాడు. మెడలో పతకం పడింది.

బావ కళ్ళు తుడుచుకుని, వాటేసుకోడానికి రెండు చేతులూ చాచాడు.

"దగ్గరికి రాకు బావా" అన్నాడు సబ్బు.

బావ ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. "అరవయ్యో కిలోమీటరు దగ్గర టాయిలెట్ ఎలా ఉందిరా ఈసారి?"

"చూళ్ళేదు."

"మరి పెట్రోలు బంకు?"

"ఎక్కడా ఆగలేదు."

"మొదటిసారే వచ్చేసిందా నీకు?" బావ గొంతులో ఆశ్చర్యంతో పాటు కాస్త అసూయ కూడా ఉంది. "నాకు రెండేళ్ళు పట్టిందిరా."

సబ్బు తన బూట్ల వైపు చూసుకున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తే లోపల పచక్కుమంటోంది. పతకాన్ని ఒకసారి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు.

"మొదటిసారి కాదు బావా" అన్నాడు, అక్కకి కూడా వినబడనంత మెల్లగా. "ఆ రబ్బరు బూట్లు వాచ్‌మన్ తాతవట. వానకి తడిస్తే ఆరబెట్టాడట. అది నాకు మర్నాడు తెలిసింది. కానీ అప్పుడు... గేటు దగ్గర... అవి చూడగానే...

మూడోసారి నాదే."