వాసన లేని ఇల్లు

నిద్ర లేవగానే దేవుడికి దండం పెట్టుకునే అలవాటు నాగేశ్వరికి పెళ్లయిన ఏడాదికే తప్పింది. ముందు తలుపు బెత్తెడు తెరిచి గాలి వాసన చూస్తుంది. బాగుంటే పిల్లల్ని వాకిట్లోకి వదులుతుంది. లేకపోతే తలుపు బిగించి, కింద సందులో తడిగుడ్డ కుక్కుతుంది. పొద్దెక్కి గాలి మళ్లేదాకా ఇంటిల్లిపాదీ లోపలే. కాజీపల్లిలో ఫ్యాక్టరీ గోడల పక్కన కాపురం చేసే ఆడవాళ్లకు ఈ విద్య ఒకరు నేర్పక్కర్లేదు.

ఆ రోజు గాలి పాడుగా ఉంది. కుళ్లిన గుడ్డు వాసన, దాని మీద ఏదో మందు ఘాటు. నాగేశ్వరి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు మూసింది.

"దిక్కుమాలిన గాలి. ఇయ్యాల్నే రావాల్నా!" అని తిట్టుకుంది.

ఎందుకంటే ఇవాళ మధ్యాహ్నంలోగా ఇల్లు తేల్చుకోవాలి. ఇక్కడి ఇల్లు కాదు, సౌదీలో ఇల్లు. ఆమె మొగుడు లింగం బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ఆపరేటరుగా చేసి, ఏడాదిన్నర కింద సౌదీ పోయాడు. అప్పటికి నాగేశ్వరికి మూడో నెల. చిన్నోడు పుట్టి పదకొండు నెలలు దాటాక, ఎనిమిది రోజుల కింద సెలవు మీద వచ్చి కొడుకు మొహం మొదటిసారి చూశాడు. వస్తూ వస్తూ కుటుంబం వీసా కాగితాలు తెచ్చాడు. అవి చూసి నాగేశ్వరి సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఐదేళ్ల రజితకు ఆయాసం. పటాన్‌చెరు డాక్టరు "మందులు రాస్త గని అమ్మా, అసలు మందు ఊరు మారుడే" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఊరు మారడం సరే, ఏ ఇంటికి? కంపెనీ రెండు చెప్పింది. ప్లాంటు పక్కనే కాలనీలో క్వార్టరు, లేదంటే గంటన్నర దూరంలో సముద్రం ఒడ్డున టౌనులో కిరాయి ఇల్లు. లింగం క్వార్టరే అంటాడు. నాలుగు ఫోటోలు కూడా తెచ్చాడు. ఎర్ర గేటు, తెల్లగోడలు, పిల్లల ఉయ్యాల.

"టౌనుల ఉంటే నేను నాలుగింటికే బస్సెక్కాలె. వచ్చేసరికి పిల్లలు పండుకుంటరు. సెలవుండే శుక్రవారం తప్ప వాళ్ల మొకం సూడ. గింత దానికి మిమ్ముల తీస్కపోవుడెందుకు?" అంటాడు.

నాగేశ్వరి ఒక్కటే అడిగింది. "ఆడ గాలెట్లుంటది?"

"మంచిగుంటది. ఏ వాసనా లేదు. పిల్లమీద ఒట్టు."

పిల్లమీద ఒట్టు! నాగేశ్వరి నమ్మింది. మర్నాడు ఉతకడానికి అతని పెట్టె తెరిస్తే, మడతపెట్టిన బట్టల్లోంచి గుప్పుమని అదే వాసన. కాజీపల్లి వాసన విమానమెక్కి ఇంటికి వచ్చింది. ఒక చొక్కా మాత్రం ఉతకకుండా కవర్లో కట్టి దాచింది. నోరు తెరిస్తే లింగం ఇల్లు పీకి పందిరేస్తాడని ఓర్చుకుంది. ఈలోగా ఏ ఇల్లో కంపెనీకి ఫోను చేసి చెప్పాల్సిన రోజు రానే వచ్చింది.

తడిగుడ్డ కుక్కి లేచేసరికి లింగం పక్క ఖాళీ. దాని పక్కన రజిత పక్కా ఖాళీ.

"అత్తమ్మా, పిల్లేది?"

చిన్నోడిని ఒళ్లో పెట్టుకుని వంటింట్లో కూర్చున్న దేవమ్మ తలెత్తింది. "తండ్రీబిడ్డలు ఇడ్లీలు తెస్తమని పోయిన్రు గద. నువ్వు లేవకముందే..."

మిగతా మాట వినకుండా నాగేశ్వరి వీధిలోకి పరుగెత్తింది. తెల్లటి పొగలో రోడ్డు చివర లింగం నింపాదిగా నడిచి వస్తున్నాడు. భుజాల మీద రజిత. అతని చేతిలో ఇడ్లీ పొట్లం, మొహాన నవ్వు. పిల్ల గౌను అంచు ముక్కుకు అదుముకుని తండ్రి తల మీదికి ఒరిగిపోయింది.

"ఎంత సల్లగున్నదే పొద్దున! గిట్ల తిరిగి ఎన్ని దినాలాయె," అన్నాడు లింగం.

నాగేశ్వరి పిల్లను లాక్కుంది. రజిత ఎదలో పిల్లికూతలు మొదలయ్యాయి. పెదాలు నల్లబడుతున్నాయి. ఇంట్లోకి తెచ్చి, ఆయాసం మందు పంపు నోట్లో పెట్టి, వీపు నిమురుతూ కూర్చుంది. అరగంటకు గాని ఊపిరి దారిన పడలేదు.

ఊపిరి అందగానే పిల్ల అన్న మొదటి మాట, "వాసనొస్తున్నది, ఇంటికి పోదం అని నేనన్న. నాయినేమో ఏం వాసన అన్నడు."

అంతే, నాగేశ్వరి ఓర్పు తెగింది.

"నువ్వు మనిషివేనా? కన్నబిడ్డకు ఊపిరాడకుంటే ఏం వాసన అంటవా? పిల్లమీద ఒట్టేసి నాతోని అబద్ధమాడుతవా?"

"నేనేం అబద్ధమాడిన?"

"ఆ క్వార్టర్ల వాసన లేదని ఆడలే? ఒక్క నరకం నుంచి తీసి ఇంకో నరకంల పడేస్తనంటవు. నా పిల్ల సచ్చినా నీకు క్వార్టరే గావాలె!"

"నోరు మూయి! పిల్లలతోని ఒక్కింట్ల ఉంటననుడు తప్పా?" లింగం ఫోటోలు తీసి నేలకు కొట్టాడు. "ఏడాదిన్నర కుక్క బతుకు బతికిన ఆడ. దేనికోసం బతికిన?"

నాగేశ్వరి లేచి, దాచిన కవరు విప్పి, చొక్కా అతని మొహం మీదికి విసిరింది. "గిది ఏడికెళ్లి వచ్చింది? వాసన సూడు. సూసి, మళ్లొకసారి ఒట్టెయ్యి."

లింగం చొక్కాను ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. అటు తిప్పి, ఇటు తిప్పి మళ్లీ పీల్చాడు. "ఏమున్నది దీంట్ల?" అన్నాడు.

నాగేశ్వరి మళ్లీ అరవబోయి ఆగిపోయింది. ఏడేళ్ల కాపురం. లింగం అబద్ధమాడితే కళ్లు కిందికి దిగుతాయి. ఇప్పుడు సూటిగా ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్లలో కోపం ఉంది, అయోమయం ఉంది, దొంగచూపు మాత్రం లేదు.

దేవమ్మ చిన్నోడిని కోడలికిచ్చి లోపలికి పోయింది. పాతగుడ్డ ఒకటి గ్యాస్‌నూనె సీసాలో ముంచి తెచ్చింది. గుడ్డ ఘాటుగా కిరోసిన్ కంపు కొట్టింది.

"లింగం, కండ్లు మూస్కో బిడ్డా."

"ఏందే అమ్మా, ఈ ఆటలు..."

"మూస్కోమంటున్న గద!"

మూసుకున్నాడు. దేవమ్మ గుడ్డను అతని ముక్కుకు ఆనించింది. "ఏంది ఇది?"

లింగం ఊపిరి పీల్చాడు. ఆలోచించాడు.

"తడిగుడ్డ," అన్నాడు.

దేవమ్మ ఉన్నచోటే కూలబడింది. "అయ్యో కొడుకా! ముక్కు పోయింది గదరా," అని నెత్తి కొట్టుకుంది.

లింగం కళ్లు తెరిచి గుడ్డ చూశాడు.

"ఫ్యాక్టరీల చేరిన కొత్తల తలకాయ పగిలేది. ఏడాదికి ఆ వాసన తెలుసుడు బందైంది. సీనియర్లు చాయ్ తాపిన్రు. ఇగ నువ్వు పక్కా ఆపరేటర్‌వి అయినవ్‌రా అన్నరు. నేను సుత ఖుషీ అయిన. గా ఒక్క వాసనే పోయిందనుకున్న. తర్వాత అన్నీ ఒక్కొక్కటి పోతుంటే నాకు తెల్వలే."

"మరి ఆ కాలనీ గురించి ఎవర్నన్న అడగకపోతివా?" నాగేశ్వరి గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"అడిగిన. ఏం వాసన లేదన్నరు."

"ఎవర్నడిగినవ్?"

"నా షిఫ్టోళ్లను," అని, అంటూనే తల దించుకున్నాడు.

ఆ తర్వాత అతను చెప్పిన మాట నాగేశ్వరి బతికినంతకాలం మరవలేదు. చిన్నోడి వైపు చూస్తూ చెప్పాడు.

"రజిత పుట్టినప్పుడు ఎత్తుకొని నెత్తిమీద ముక్కు పెట్టిన. ఆ వాసనకు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నీకు యాదికుందా? వచ్చిన్నాడు వీన్ని సుత గట్లనే ఎత్తుకున్న. ఏం రాలే. ఎనిమిది దినాలసంది దినాం పెడుతున్న, ఏం లేదు. నా మనసే సచ్చిందనుకున్న. కడుపుల ఉండంగ ఇడిసిపోయిన గద, కొడుకు మీద పాణం గుంజుతలేదేమో అని భయపడ్డ. ఒక్కింట్ల ఉంటే అదే గుంజుతదని... గందుకే క్వార్టర్ క్వార్టర్ అని కొట్లాడిన."

నాగేశ్వరి ఏడుపు ఆపుకోలేకపోయింది. ఈ మనిషినా ఇన్ని రోజులు కడుపులో తిట్టుకుంది?

లింగం లేచి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "పటాన్‌చెరు పోయి ఎస్టీడీ బూత్‌ల ఫోన్ చేసొస్త. టౌను ఇల్లే చెప్త."

"శుక్రవారం ఒక్కటే సూస్తవు వీళ్లను."

"సూడనీ. ఊపిరన్న ఆడుతది వాళ్లకు."

"మరి నువ్వో? మళ్ల ఆ ప్లాంట్లకే పోవుడా?"

లింగం చెప్పులేసుకోవడానికి వంగాడు. నాగేశ్వరి అతని దగ్గరికి పోయి చిన్నోడిని చేతుల్లో పెట్టింది. లింగం అలవాటుగా కొడుకు మాడు మీద ముక్కు ఆనించి, అలాగే ఉండిపోయాడు.

"ఎట్లుంటది?" అని అడిగాడు, తల ఎత్తకుండానే.

నాగేశ్వరి వంగి వాసన చూసింది. "కాగి సల్లారిన పాలోలె ఉంటది. కొబ్బరినూనె వాసన. నిద్రల చెమటపట్టింది గద, జెర పుల్లగ."

లింగం కళ్లు మూసుకుని విన్నాడు. చెంపల మీదుగా నీళ్లు కారి పిల్లాడి జుట్టులో పడుతున్నాయి.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పింది.