పరికిణీలో రూతు

నీళ్ళకని పంపు దగ్గరికి వెళ్ళిన కూతురు బిందెతో తిరిగొచ్చేసరికి పైడమ్మ గంజి దించింది. ఆ రోజు క్రిస్మస్. భర్త నూకరాజు తెల్లవారకముందే లోకోషెడ్డుకు డ్యూటీకి వెళ్ళిపోయాడు.

"జల్దీ రావే బంగారం, జడ వేస్తాను," అంది పైడమ్మ.

పదేళ్ళ కిందట ఆమెకు కవలలు పుట్టారు. బాలింత జ్వరంతో మంచం పట్టినప్పుడు, పిల్లల్లేని తోడబుట్టిన అప్ప సూరమ్మ ఒకదాన్ని తీసుకెళ్ళి సాకింది. తేరుకున్నాక అడిగితే ఇవ్వనంది. మొగుడితో పాటు క్రైస్తవంలో చేరి, పిల్లకు రూతు అని పేరు పెట్టింది. పైడమ్మ దగ్గర మిగిలింది బంగారమ్మ. రాయపూర్‌లో అదే రైల్వే కాలనీలో, నాలుగిళ్ళ అవతలే ఉంటున్నా అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. పిల్లలిద్దరూ మాత్రం బడిలో చాటుగా కలుసుకునేవారు.

చర్చి గంట మోగింది. పైడమ్మ చేతిలో జడ బిగుసుకుంది.

"ఆ దొంగ ఇవాళ నా పిల్లకి కొత్త గౌను తొడిగి ఊరంతా తిప్పుతాది. దాని చేతులు పడిపోను!"

"మా అమ్మ దొంగ కాదు!"

పైడమ్మ పిల్లను గిర్రున తనవైపు తిప్పుకుంది.

"నేను బంగారాన్ని కాదు పిన్నీ, రూతుని. పంపు దగ్గర నా గౌను, దాని పరికిణీ మార్చుకున్నాం. నన్ను కన్న అమ్మ ఎలా ఉంటాదో ఒక్కరోజు చూద్దామని వచ్చాను."

పైడమ్మ లేచి తలుపు గడియ పెట్టేసింది. "ఇంక నువ్వెక్కడికీ వెళ్ళవు."

రూతు భోరుమంది. అంతలోనే బయట తలుపు దబదబ మోగింది.

"తియ్యవే పైడీ! లోపల నా పిల్ల ఏడుస్తోంది!"

"నీ పిల్లేటి? కన్నది నేను!"

"కన్నావు. పక్కలో వేసుకుని పెంచింది నేను!"

"నువ్వు పెంచనిచ్చావా? కాళ్ళమీద పడి అడిగితే గెంటేశావు కదే!"

బయటినుంచి బంగారమ్మ గొంతు వినిపించింది. "అమ్మా, పెద్దమ్మ నన్ను గుమ్మంలోనే పట్టేసింది. 'నా రూతు ఏది?' అని కేకలేసింది."

రూతు వెక్కుతూనే అడిగింది. "నువ్వు నాకు జడ కూడా వేశావు. మరి నన్నెందుకు గుర్తుపట్టలేదు?"

పైడమ్మ తనే వెళ్ళి గడియ తీసింది. గౌనులో ఉన్న బంగారమ్మ చెయ్యి పట్టుకుని సూరమ్మ నిలబడి ఉంది. రూతు అడిగిన మాట ఆమె కూడా విన్నది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది.

"గుర్తుపట్టకపోవడం దాని తప్పు కాదే రూతూ," అంది సూరమ్మ. "దాన్ని చూస్తే నన్ను వదిలేస్తావని భయమేసి, నిన్ను దాని కంట పడనివ్వలేదు. పాపం నాదే."

పైడమ్మ కళ్ళు తుడుచుకోలేదు.

"అప్పా, దీనికి ఏటి తినడం ఇష్టం?"

"చేపల పులుసులో మామిడికాయ ముక్కలేరుకుని తింటాది," అంది సూరమ్మ. "అచ్చం నీలాగే."

పైడమ్మ గుమ్మంలోనే కూలబడి అప్ప కాళ్ళు చుట్టేసుకుంది.