మీ పచ్చ, మా పచ్చ

"ఇదేం రంగు?"

సబీనా గొంతుకు డాబా మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. తడిబట్టల బకెట్ ఆమె చేతిలోనే ఉంది. ఎదురుగా ఇనుప కమ్మీకి వేలాడుతూ సైకిల్ ఫ్రేము తళతళా మెరుస్తోంది.

"పచ్చ," అన్నాడు జునైద్, మెచ్చుకోలు కోసం ఎదురుచూసేవాడి మొహంతో. "మీరు చెప్పిందే గద."

"ఇది పచ్చనా? ఇది పసుపు!"

"పసుపు పచ్చగనే ఉంటది గదా?"

"ఆకులు పచ్చగా ఉంటాయి!"

"అది ఆకుపచ్చ. ఉత్తగ పచ్చ అంటే మా మెట్‌పల్లిల గిదే."

"మా ప్రొద్దుటూరులో పచ్చంటే చెట్టు రంగు!"

"రియాద్‌ల చెట్లు యాడున్నయండీ, చూసి ఎయ్యనీకి?"

మూల నీడలో కూర్చుని అప్పడాలు ఆరబెడుతున్న సబీనా తల్లి ఖుర్షీదాకు నవ్వు ఆగలేదు. కూతురు డాబా ఎక్కితే వెనకే ఎక్కడం, అప్పడాలు వంకగా అక్కడే కూర్చోవడం ఆవిడ అలవాటు. "ఇద్దరికీ ఉర్దూ వస్తాది కదా! హరా అనో, పీలా అనో ఒక్క ముక్క అనుకోని ఉంటే సరిపోయేది," అంది.

నిజమే. కానీ రియాద్‌లోని ఆ మలాజ్ వీధిలో పొద్దున్నుంచి అరబీ, ఉర్దూ విని విని ఉన్న చెవికి తెలుగు తగిలితే, మళ్ళీ ఉర్దూ వైపు పోవాలని ఎవరికి అనిపిస్తుంది?

తొంభై ఒకటి ఎండాకాలం మొదట్లో సంగతి ఇది. గల్ఫ్ యుద్ధం ముగిసింది, రంజాన్ కూడా వెళ్ళిపోయింది. కిటికీ అద్దాలకు అంటించిన టేపులు మాత్రం సగం ఇళ్ళలో ఇంకా ఊడలేదు. సబీనా తండ్రి ఇనాయతుల్లా ఓ కంపెనీలో స్టోర్‌కీపర్. మూడో అంతస్తులో కాపురం. జునైద్ ఆ బిల్డింగ్ వాచ్‌మన్ మౌలా సాహెబ్ మేనల్లుడు. మామతో పాటు కింది గదిలో ఉంటూ, కార్లకు రంగులేసే వర్క్‌షాప్‌లో పని చేస్తాడు.

సైకిల్ ఇనాయతుల్లాది. ఎవరో వాడి అమ్మేస్తే కొన్నది. దానికి రంగు వేయించమని పోరు పెట్టింది మాత్రం సబీనా. జునైద్ సాయంత్రాలు డాబా మీద పని పెట్టుకున్నాడు. రిమూవర్ పూసి, పాలమీగడలా ముడతలు పడిన రంగును రేకుతో గీకాడు. నలుపు కింద ఎరుపు, ఎరుపు కింద నీలం. అన్నీ పోయి ఇనుము బయటపడ్డాక ఉప్పు కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ప్రైమర్ కొట్టాడు. ఇంత శ్రద్ధ ఆ సైకిల్ మీదే అనుకుంటే మీరు అమాయకులు. అన్నట్టు, అంతకుముందు సబీనా ఇంట్లో రెండు రోజులకోసారి బట్టలు ఉతికేవాళ్ళు. ఇప్పుడు రోజూ ఉతుకుతున్నారు.

"సరే, మళ్ల ఏస్త," అన్నాడు జునైద్. "కని ఒక మాట. పచ్చ అయితే దూరం నుంచి మంచిగ కనబడతది."

"మీ పచ్చా, మా పచ్చా?"

"మా పచ్చ."

సబీనా బకెట్ కింద పెట్టింది. గొంతు తగ్గింది. "నేను రంగు వేయించేది కూడా అందుకే. మేము పోయినాక నాయన ఒక్కడే దీనిమీద పనికి పోవాల. కార్లోళ్ళకు కనపడాల కదా."

"పోవుడేంది? యాడికి?"

"స్కడ్ మిసైళ్ళు పడిన కాడినుంచి నాయనకు భయం పట్టుకుంది. నాకూ అమ్మకూ పాస్‌పోర్టుల్లో ఖురూజ్ ముద్ర కొట్టిస్తాండాడు. అది పడి ఇండియాకు పోతే మళ్ళీ వచ్చేది లేదు. ఊర్లో మామ సంబంధం కూడా చూసినాడు. గుడ్డల అంగడి వాళ్ళంట."

జునైద్ చేతిలోని ఉప్పు కాగితం నలిగిపోయింది. "మీకు ఇష్టమేనా?"

"నన్ను ఎవరు అడిగినారు?" అని సబీనా తీగ మీద దుప్పటి ఆరేసి దాని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ దుప్పటి మీద జునైద్‌కు వచ్చినంత కోపం ఆ గుడ్డల అంగడి మీద కూడా రాలేదు.

మరునాడు ఆమె ఓ టేపు చుట్ట తెచ్చి ఇచ్చింది. గ్యాస్ బాంబు పడుతుందని అందరూ కిటికీలు మూసిన రోజుల్లో ఇనాయతుల్లా కొన్నది. "రంగు అంటకూడని చోట వేస్తారంట కదా. మా ఇంట్లో ఇంకా మస్తుగా ఉండాది."

"మస్తుగ అనేది మా మాట."

"ఏం, నేను అనకూడదా?"

జునైద్ ఆ సాయంత్రమంతా ఈల వేస్తూనే ఉన్నాడు. ఈసారి పాత రంగు మొత్తం గీకలేదు. పైపైన రుద్ది, ఫ్రేము చుట్టూ ఒకచోట టేపు తిప్పి, మిగతా అంతటా ఆకుపచ్చ కొట్టాడు.

"టేపు తియ్యొచ్చా?" అని సబీనా అడిగింది.

"ఇంకా ఆరలే. ఇప్పుడు తీస్తే రంగు లేస్తది."

మర్నాడూ ఆరలేదు. ఆ మర్నాడూ ఆరలేదు. టిక్కెట్లు వచ్చేశాయని ఖుర్షీదా చెప్పిన రోజు కూడా ఆరలేదు.

ఖుర్షీదా చేతిలో అప్పడం పట్టుకుని లేచి వచ్చింది. ఫటేల్‌మని విరిచి చూపించింది. "పొద్దున పెట్టినా. చూడు ఎట్ల ఎండిందో. ఈ ఎండకు నా అప్పడం పూటకే ఎండుతాది. నీ రంగు మాత్రం వారమైనా ఆరదా, జునైదూ?"

జునైద్ తల వంచుకున్నాడు. "ఆరింది ఖాలా. మొదటి దినమే ఆరింది."

"మరి ఎందుకు ఆరలేదన్నావు?"

"ఆరిందంటే సైకిల్ కిందికి పోతది. నాకు డాబా మీద పనుండది. ఈమెను చూసుడుండది." ఇక దాచుకోవడానికి ఏమీ లేదని తేలాక ధైర్యం వచ్చింది. "సబీనా అంటే నాకు పానం, ఖాలా. పెండ్లి చేసుకుంట. మీరు కాదంటే సైకిల్ కింద పెట్టి పోత."

సబీనా సైకిల్ దగ్గరికి వెళ్ళి టేపు కొస పట్టి లాగింది. పచ్చటి ఆకుల్లాంటి రంగు మధ్య పసుపు పట్టీ ఒకటి మెరిసింది.

"మీ పచ్చ, మా పచ్చ," అన్నాడు జునైద్ నెమ్మదిగా. "రెండూ ఉండాల్నని."

ఖుర్షీదా అప్పడం ముక్కలు పళ్ళెంలో పడేసి కిందికి వెళ్ళి భర్తను తీసుకొచ్చింది. మెట్ల మీదే అంతా చెప్పేసినట్టుంది. ఇనాయతుల్లా జునైద్ వైపు చూడలేదు. సైకిల్ చుట్టూ తిరిగాడు. పసుపు పట్టీ మీద వేలు రాసి చూశాడు. కూతురి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బాంబుల భయంలో పంపించేద్దామనే అనుకున్నా గానీ, నిన్ను అడగలేదు కదమ్మా. ఇప్పుడు అడుగుతాండా. మీ మామకు ఏం చెప్పమంటావు?"

సబీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గుడ్డల అంగడి వద్దని చెప్పు నాయనా. నాకు ఈయనంటేనే ఇష్టం."

ఇనాయతుల్లా అప్పుడు జునైద్ వైపు తిరిగాడు. "ఏమప్పా జునైదూ! కింద మీ మామను పిల్చుకోనిరా. పెద్దోళ్ళ మాట పెద్దోళ్ళం మాట్లాడుకుంటాం. వీళ్ళు ముందు ఊరికి పోతారు. నీకు లీవు దొరికినప్పుడు ప్రొద్దుటూరులో నిఖా."

జునైద్ మూడేసి మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తాడు. మౌలా సాహెబ్ టోపీ సర్దుకుంటూ రొప్పుతూ పైకి వచ్చేసరికి ఖుర్షీదా అప్పుడే లెక్కలు వేస్తోంది.

"మాంఝా రోజు పసుపు నలుగు పెట్టి పెళ్ళికూతురికి కట్టబెట్టను పసుపు బట్టలు కొనాల. టిక్కెట్ల తేదీ లోపలే బజారుకు పోవాల."

ఎప్పుడు వెళ్ళి నిలబడిందో, తీగ మీది దుప్పటి వెనకనుంచి సబీనా గొంతు వినిపించింది.

"పసుపు బట్టలు కాదమ్మా. పచ్చ బట్టలు."