నాలుగు నూనె డబ్బాలు

ఆ పొద్దున ఆ ఇంట్లో గొడవ ఖాళీ నూనె డబ్బాల దగ్గర మొదలైంది.

ఐదు లీటర్ల నూనె డబ్బా ఖాళీ అయితే పారేసే మనిషి కాదు నాగవ్వ. జిడ్డు పోయేదాకా వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి, వంటింటి అటక మీద వరసగా పేరుస్తుంది. పెసర్లకొకటి, ఉలవలకొకటి, చింతపండుకొకటి. మిగిలినవి వచ్చే ఏటి కందుల కోసం కాచుకుని ఉంటాయి. ఆ రోజు స్టూలెక్కి చూస్తే వరసలో పళ్లూడినట్టు నాలుగు సందులున్నాయి. పైగా చింతపండును ఎవరో స్టీలు గిన్నెలోకి మార్చి, పైన పళ్లెం బోర్లించారు.

"పాత సామాన్ల వానికి ఏసినవా?" అని మొగుణ్ని నిలదీసింది.

బస్టాండు దగ్గరున్న తన కుట్టు దుకాణానికి బయల్దేరుతున్న సిద్ధిరాములు, చెప్పులో కాలు పెట్టి ఆగాడు. "నీ డబ్బాలు నేనేం జేసుకుంటనే? నెత్తికి పెట్టుకుంటనా?"

"పెట్టుకున్నా బాగుండు. బట్టతల దాగుతుండె."

వేరే రోజైతే వాళ్ల కూతురు పద్మప్రియ పడీపడీ నవ్వేది. ఆ రోజు గడప దగ్గర కూర్చుని ఉన్న ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆ నాలుగు డబ్బాలు ఎల్లారెడ్డి అవతల ఒక వ్యవసాయ బావి పక్కన, మోటారు గదిలో ఉన్నాయి. డబ్బాల సంగతి బయటపడితే బావి సంగతి బయటపడుతుంది. దాని వెనకే చరణ్ సంగతి. అన్నిటికంటే ముందు, తను నీళ్లలో దిగిన సంగతి.

ఆ ఇంట్లో అంతకు మించిన తప్పు లేదు.

పద్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె చిన్నాయన నారాయణ బర్రెను కడగడానికి చెరువులో దిగి మళ్లీ పైకి రాలేదు. ఒడ్డున ఉన్న సిద్ధిరాములుకు ఈత రాదు. అప్పటినుంచి ఆయన నోట ఒకటే మాట: నీళ్లకు చుట్టాలుండరు. ఇంట్లో సంపు మీద ఇనుప మూత, ఆ మూత మీద బండరాయి. బతుకమ్మ నాడు ఊళ్లో ఆడపిల్లలంతా చెరువులో మోకాటిలోతు దిగి బతుకమ్మలను సాగనంపుతుంటే, పద్మ కట్ట మీదే నిలబడి తన బతుకమ్మను వేరేవాళ్ల చేతిలో పెట్టేది. తండ్రి చెప్పాడని మాత్రమే కాదు. నిలకడగా, నల్లగా ఉన్న నీళ్లను చూస్తే ఆమెకు అరికాళ్లు చల్లబడేవి. కింద నుంచి ఎవరో చెయ్యి చాస్తున్నట్టే ఉండేది.

ఆమె కామారెడ్డిలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. చరణ్ అక్కడే ఎక్స్‌రే తీస్తాడు. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వస్తాడు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే రక్తం సీసాలు పెట్టే ఫ్రిజ్‌లో తన పెరుగు డబ్బా పెట్టి, పద్మతో చీవాట్లు తిన్నాడు. మర్నాడు ఆ డబ్బా మీద 'పేషెంటు పేరు: చరణ్, ఏమీ తినకముందు' అని చీటీ అతికించి ఆమె టేబుల్ మీద పెట్టాడు. కోపంగా ఉందామని ఆమె చాలా ప్రయత్నించింది.

గోవా ఆలోచన కలీమ్‌ది. అతను సెంటర్‌లో రిసెప్షన్ చూసే అస్మా భర్త. స్టేషన్ రోడ్డులో ఫోన్లు బాగుచేస్తాడు. పెళ్లయ్యాక ఎక్కడికీ తీసుకుపోలేదని అస్మా సాధిస్తుంటే, నలుగురం కలిసి పోదామన్నాడు. జనవరిలో ప్రయాణం. రెండు గదులు, ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. మధ్యాహ్నం అన్నాలప్పుడు నలుగురూ ఒక ఫోన్ మీద తలలు వంచి వీడియోలు చూసేవాళ్లు. అరటిపండులాంటి పడవ మీద అరుస్తూ పోయే జనం, గొడుగు కట్టుకుని గాల్లో తేలే జనం. ఆఖర్న స్కూబా, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగడం. నడుంలోతు నీళ్లు దాటని వాళ్లు కూడా దిగొచ్చని, పక్కన మనిషి చెయ్యి పట్టుకునే ఉంటాడని ఆ వీడియోలో పదే పదే చెప్పారు. పద్మ మాత్రం వాళ్ల నోట్లోంచి పైకి పోతున్న బుడగలనే చూసింది. అవి ఊపిర్లు. ఒక్కొక్కటే వాళ్లను వదిలేసి పోతున్నాయి.

అయినా వస్తానంది. సముద్రం ఎప్పుడూ చూడలేదు. చరణ్ పక్కన నిలబడి చూడాలని ఉంది. అంతే.

ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో చరణ్ మెసేజ్ పెట్టాడు. స్కూబాకు ముగ్గురికే బుక్ చేశాడట. నాలుగో మనిషి పడవలో కూర్చుంటే చాలట.

మర్నాడు ఎక్స్‌రే గది ముందు పద్మ అతన్ని ఆపింది. "ఆ నాలుగో మనిషి ఎవరు?"

అతను కవర్లు సర్దుతూ తలెత్తలేదు. "ఎవరో ఒకరు. బ్యాగులు చూసుకునేటందుకు పడవల ఒకరుండాలె గద."

"పద్మ అని సక్కగ చెప్పరాదు? బతుకమ్మ నాడు మా చెరువు కాడికొచ్చి నేను కట్ట మీద నిలబడ్డది చూసినవ్ గద."

"చూసిన. గని అది కాదు పద్మా..."

"నేను దిగుత. నా పేరు రాయి."

అతను ఇంకేదో చెప్పబోయేలోగా చెయ్యి విరిగిన పిల్లవాణ్ని ఎత్తుకుని ఒక తండ్రి వచ్చాడు. పద్మ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కోపం ఒక గంట నిలిచింది. అది దిగిపోయాక మిగిలింది వట్టి భయం. దిగుతానని నోటితో అనేసింది, ఇక వెనక్కి తీసుకోవడానికి పొగరు ఒప్పుకోవడం లేదు.

దారి అస్మా చూపించింది. కలీమ్ దోమకొండ బావుల్లో ఈదుతూ పెరిగినవాడు, అతను నేర్పుతాడు. చరణ్ వాళ్ల పొలంలో దిగుడు బావి ఉంది. కావాల్సిందల్లా వీపుకు కట్టుకోవడానికి మూత గట్టిగా ఉన్న రెండు నూనె డబ్బాలు. అక్కడి పిల్లలంతా అలాగే నేర్చుకుంటారు.

ఆదివారం పద్మ అస్మా వాళ్లింటికని చెప్పి, రెండు డబ్బాలను చీరల సంచిలో కుక్కి, ఎల్లారెడ్డి బస్సెక్కింది. ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చిన కండక్టర్, ఖాళీ డబ్బాలు తీసుకుని అంత దిగులుగా పోయే ఆడపిల్లను ఎప్పుడూ చూడలేదేమో, రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

వానలు బాగా పడ్డ ఏడు. బావి సగానికి పైగా నిండి ఉంది. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు నాచు పట్టి ఉన్నాయి. పద్మ చుడీదార్ మీద చున్నీ బిగించి కట్టుకుంది. కలీమ్ నవారుతో డబ్బాలు ఆమె వీపుకు కట్టి, నడుముకు తాడు వేసి, ఆ తాడు కొస పైన చరణ్ చేతికిచ్చాడు. నీళ్లు నడుముకు తగలగానే ఊపిరి ఆగిపోయింది. నీళ్లలోంచి కలీమ్, "భయపడు చెల్లె, ఏం కాదు. భయపడుకుంటనే కాళ్లు కొట్టు," అన్నాడు. అలా చెప్పినవాళ్లు ఆమెకు ఇంతవరకు ఎవరూ లేరు. అందరూ భయపడొద్దనే చెప్పారు.

ఆ రోజు ఆమె గోడ వదల్లేదు. తరవాతి ఆదివారం వదిలింది. డబ్బాలు తనను పైకి మోస్తుంటే మొఖం మీద ఎండ పడింది, చెవుల్లో నీళ్లు గుడగుడమన్నాయి. పైకి చూస్తే గుండ్రటి ఆకాశం, దాని అంచున తాడు రెండు చేతులా పట్టుకుని చరణ్. తాడు అంత బిగించి పట్టుకోవాల్సిన పని లేదు. అతని వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగడేమిటని ఆమెకు అప్పుడే అనిపించింది.

ఆ మరుసటి ఆదివారం అది జరిగింది.

కలీమ్ ఆవలి గోడ దగ్గర ఉన్నాడు. పద్మ బావి నడుమ ఉంది. వీపు మీద ఎడమ డబ్బా బరువెక్కినట్టనిపించింది. అనుమానం వచ్చేలోపే ఒక పక్కకు ఒరిగింది. నోట్లోకి నీళ్లొచ్చాయి. కళ్ల ముందు ఆకుపచ్చటి చీకటి. చిన్నాయన చూసిన రంగు ఇదే కాబోలు అనుకుంది. కేక వేయబోతే బుడగలు పోయాయి.

పైన ఏదో పెద్ద చప్పుడైంది. నీళ్లు గోడలకు కొట్టుకున్నాయి.

కుడి డబ్బా ఆమెను మళ్లీ పైకి లేపింది. దగ్గుతూ కళ్లు తెరిస్తే పక్కనే చరణ్ చేతులు నీళ్లను పిచ్చిగా కొడుతూ కనిపించాయి. తల కనిపించలేదు. ఆలోచించే సమయం లేదు. ఆమె అతని చొక్కా కాలర్ దొరకబుచ్చుకుని, ఒంటి డబ్బా మీద ఇద్దరి బరువూ వేసి, కాళ్లు కొట్టింది. భయపడుతూనే కొట్టింది. రెండు బారల్లో కలీమ్ వచ్చి ఇద్దర్నీ మెట్ల మీదికి తోశాడు. పైన అస్మా ఏడుస్తూ తిడుతోంది, ఎవరినో తెలియకుండా.

చాలాసేపు ఇద్దరూ మెట్టు మీద కూర్చుని దగ్గారు.

"నీకు ఈత రాదా?" అంది పద్మ.

"రాదు."

"మరి ఎందుకు దుంకినవ్?"

చరణ్ మొఖం తుడుచుకున్నాడు. "రాదని యాదికి రాలే."

ఆమెకు అప్పుడు అర్థమైంది. "పడవల కూసుండే నాలుగో మనిషి..."

"నేనే. చెప్పేటందుకు సిగ్గైంది. నువ్వేమో ఒక్కసారే నేను దిగుత అంటివి. ఇగ ఎట్ల చెప్తా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చున్నీ కొంగు పిండి అతని చేతిలో పెట్టింది. కలీమ్ ఎటో చూస్తూ, ఇంకో రెండు డబ్బాలు కావాలని మాత్రం అన్నాడు.

బస్టాప్ దాకా దింపడానికి వచ్చినప్పుడు చరణ్ చెప్పాడు. గోవా పోయే ముందే పద్మ వాళ్ల బాపును కలవాలని ఉందట. ట్రిప్పు గురించి అడగడానికి కాదట. పద్మకు బావిలో మునిగినప్పటికంటే ఆ మాటకు గుండె ఎక్కువ కొట్టుకుంది. ఇంట్లో తనే చెప్తానంది. చెప్పలేదు. ఇంకో రెండు డబ్బాలు మాత్రం మోసుకెళ్లింది.

ఈ పొద్దున అమ్మ స్టూలెక్కింది.

రోజంతా సెంటర్‌లో పద్మ ధ్యాస సూది మీద లేదు. ఒక ముసలాయనకు రెండుచోట్ల పొడిచి క్షమాపణ అడిగింది. తండ్రికి తెలిస్తే బావి ఆగిపోతుంది, గోవా ఆగిపోతుంది. వాటిని ఎలాగో భరించవచ్చు. చరణ్ మొఖం కూడా చూడొద్దంటే? నీళ్ల దగ్గరికి తీసుకుపోయినవాణ్ని ఆయన గడప తొక్కనిస్తాడా?

సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. పచ్చిపులుసు పోస్తూ నాగవ్వ మళ్లీ మొదలుపెట్టింది. గిన్నెలో పెట్టిన చింతపండు చెమ్మ పట్టిందట, ఇంట్లో దొంగలు పడ్డా డబ్బాలు ఎత్తుకుపోవడం ఎక్కడా వినలేదట. సిద్ధిరాములు విననట్టు తింటున్నాడు.

"డబ్బాలు నేనే తీసుకపోయిన," అంది పద్మ.

గరిటె ఆగింది.

"ఈత నేర్చుకుంటున్న. ఎల్లారెడ్డిల ఒక బాయి ఉన్నది. కలీమ్ అన్న నేర్పుతుండు, అస్మా గూడ ఉంటది." కంచంలోకే చూస్తూ చెప్పింది. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

తండ్రి ముద్ద కంచంలో పెట్టేశాడు. నాగవ్వ గొంతు చిన్నగా వినిపించింది.

"ఈతకు రెండు డబ్బాలు సాలు గద. ఇంకో రెండు ఎవరికి?"

"చరణ్‌కు. మా సెంటర్ల ఎక్స్‌రే తీస్తడు. అతనికి గూడ ఈత రాదు. మీరిద్దరు సరే అంటే అతన్నే చేసుకుంట."

నాగవ్వ మొగుడి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. తరవాత ఆమె అడిగినది పెళ్లి గురించి కాదు. "చింతపండు డబ్బా గూడ తీసుకపోయినవ్ గద, ఎర్ర మూతది? దాని మూత వదులే పిల్లా. నీళ్లు ఆగయి దాంట్ల."

పద్మ తలెత్తింది. అప్పుడు తండ్రి కళ్లు ఆమె మొఖం మీద ఉన్నాయి. ఆ కళ్ల ముందు ఆమె అబద్ధం ఆడలేకపోయింది. డబ్బాలో నీళ్లెక్కడం, తను ఒరిగిపోవడం, పైనున్న చరణ్ దూకడం, కాలర్ పట్టుకుని తను తేల్చడం, అన్నీ చెప్పింది.

సిద్ధిరాములు పచ్చిపులుసు గిన్నెను పక్కకు జరిపాడు.

"ఈత రాకుండనే దుంకిండా?"

"ఆఁ బాపు."

"తాడు ఎవలు పట్టుకున్నరు?"

"అతనే పట్టుకుండె. దుంకుతె ఇడిసిపెట్టిండు. ఇప్పుడు అస్మా పట్టుకుంటది."

"అస్మా ఆడపిల్ల, ఇద్దరి బరువు ఎట్ల ఆపుతది? ఆ దినం మా ఒడ్డు మీద తాడు లేకుండె."

నాగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన ముద్ద మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తినలేదు.

"ఎర్ర మూత డబ్బా పారేయి. మీ అమ్మ ఇంకోటిస్తది," అన్నాడు. "ఆ పిలగానికి చెప్పు. ఆదివారం నేనొస్తున్న. తాడు నేను పట్టుకుంట."