చెప్పుల వరుస

అంగారకుడి మీద కట్టిన అరుణగిరిలో ఊపిరికి కూడా వంతు ఉంది. నేల కింద ఇరవై అంతస్తుల ఊరు. గాలి తయారుచేసే యంత్రం మాత్రం ఒక్కటే. గదికో పంపు బిగించే స్తోమత లేక, వెనకటి ఇంజనీర్లు ‘మిథ్యాపంపు’ కనిపెట్టారు. అది ఇనుముతో చేసింది కాదు, ఉత్త ప్రోగ్రామ్. గదిలో గాలి పలచబడగానే మిథ్యాపంపు ఒక అర్జీ పంపుతుంది. అర్జీలన్నీ వరుసలో నిలబడితే, డ్రైవర్ అనే మరో ప్రోగ్రామ్ వాటిని ఒక్కొక్కటిగా పిలిచి యంత్రం చేత గాలి ఇప్పిస్తుంది.

ఆ డ్రైవర్ బాగోగులు చూసేది కుముదిని. ఆ ఉదయం నుంచి పద్నాలుగో అంతస్తుకి వంతు రావడం లేదు. ఆమె తమ్ముడు ఫణీంద్ర ఉండేది అక్కడే. అతని గదిలో మిగిలిన గాలి మూడు గంటలకు సరిపోతుంది, అంతే.

వరుస విప్పి చూసిన కుముదినికి ఒళ్లు మండిపోయింది. ముందున్న అర్జీల్లో సగానికి పైగా మనుషుల్లేని గదులవి. రేషన్ షాపు ముందు చెప్పులు వదిలి జాగా పట్టుకునే అలవాటును మనవాళ్లు అంగారకుడి దాకా మోసుకొచ్చారు! రేపెప్పుడో అవసరం పడుతుందని, గాలి పలచబడకుండానే మిథ్యాపంపు చేత ఇవాళే అర్జీ పెట్టించి పోయారు. పిచ్చి డ్రైవర్ ఒక్కో ఖాళీ గది దగ్గరా ఆగి జవాబు కోసం ఎదురుచూస్తోంది.

ఆమె గబగబా కొత్త నియమం రాసింది. వంతు వచ్చినప్పుడు గదిలో ఊపిరి వినిపించకపోతే ఆ అర్జీని కొట్టేసి ముందుకు పోవాలి. నమూనా వరుస మీద నడిపి చూస్తే చకచకా కదిలింది.

“ఫణీంద్ర గదికి వంతు ఎప్పుడు?” అని డ్రైవర్‌ను అడిగింది.

“నియమం అమల్లోకి వచ్చాక నలభై నిమిషాల్లో.”

చాలు. నిజంగా చాలు. కానీ తోడబుట్టినవాడు కదా, మనసు ఊరుకుంటుందా? మధ్యలో ఏదైనా తేడా వస్తే? కుముదిని నియమం అడుగున ఒక్క మినహాయింపు చేర్చింది: ఫణీంద్ర గదిని అందరికంటే ముందు పిలవాలి.

డ్రైవర్‌లో ఏం మార్చినా రెండో సంతకం కావాలి. పెద్ద ఇంజనీరు పరంధామం ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

“మా అమ్మాయి గది కూడా రాయమ్మా,” అన్నాడు మెల్లగా.

రాయకపోతే సంతకం పడదు. రాసింది.

ఆ తర్వాత అభ్యంతరాలకు గంట గడువు. అధికారులందరి తెరల మీదా ఆ మార్పు కనిపించింది. అభ్యంతరం ఒక్కటీ రాలేదు; గదుల నంబర్లు వచ్చాయి. చూసినవాళ్లు చూసినట్టు తమవాళ్లను చేర్చుకుంటూ పోయారు. డ్రైవర్ వాటిని చేర్చినవాళ్ల హోదా ప్రకారం సర్దింది. గడువు ముగిసేసరికి మినహాయింపులు రెండు వేలు దాటాయి. చేర్చినవాళ్లలో అందరికంటే చిన్న ఉద్యోగి కుముదిని.

“ఇప్పుడు ఫణీంద్ర వంతు ఎప్పుడు?”

“ఐదు గంటల తర్వాత.”

“మినహాయింపులన్నీ తీసెయ్.”

“చేర్చిన వాళ్లందరి సంతకాలూ కావాలి.”

పరంధామం ఫోను ఎత్తలేదు. మిగతావాళ్లూ ఎత్తలేదు. తనదొక్కటే తీసేసినా తమ్ముడు ఇంకా వెనక్కి పోతాడు తప్ప లాభం లేదు. చేజేతులా చేసుకున్నానని కుముదిని తల పట్టుకుంది.

అంతలో ఫణీంద్రే ఫోన్ చేశాడు. మాట మెల్లగా, ఆగి ఆగి వస్తోంది.

“అక్కా, నువ్వు సరిచేస్తున్నావని మా అంతస్తులో అందరికీ చెప్పేశా. కదలకుండా పడుకున్నారు. ఎవర్నైనా పట్టుకుని ముందు దూరదామన్నారు కొందరు. వద్దన్నా. మా అక్క అలాంటివి ఒప్పుకోదన్నా.” ఊపిరి కూడదీసుకున్నాడు. “ఇంకెంతసేపక్కా?”

“వచ్చేస్తుందిరా, పడుకో,” అంది కుముదిని.