సరస్వతి ఒప్పుకోలేదు

గిన్నెకు సర్వపిండి ఒత్తుతూ సరస్వతి హాల్లో మాటలు వింటోంది. మట్టెవాడలో ఆ ఇంటికి తెల్లవారేదే ఆమె భర్త పాండురంగం గొంతుతో. ఆ గొంతు ఇవాళ కూతురి నెత్తి మీద నిలబడి ఏదో రాయిస్తోంది.

"తయారు చేసినవారు, సర్వహక్కులు గలవారు, పాండురంగం అండ్ సన్ తరఫున హరీష్. పెట్టినవా?"

"పెట్టిన బాపు," అంది శ్రీలత. ఆ గొంతులో ఉప్పూ లేదు, కారమూ లేదు.

పాండురంగానిది శుభలేఖల దుకాణం. లగ్గాల కాలం వస్తే ఆ ఇంట్లో మంచాల మీద కూడా కార్డులే పడుకుంటాయి. హసన్‌పర్తి కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీలత సెలవులన్నీ ఖర్చు పెట్టి ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. పెండ్లివారి పేర్లు, ముహూర్తం టైపు చేస్తే చాలు, శుభలేఖ దానంతట అదే ముస్తాబై తెర మీదికొస్తుంది. ప్రెస్సుల్లో వాడే యాపిల్ కంప్యూటర్ల కోసమే చేసింది. కాగితాల హోల్‌సేల్ వ్యాపారి ఓంప్రకాశ్ దాన్ని చూసి ముచ్చటపడి, నాలుగు జిల్లాల్లోని కార్డుల దుకాణాలకూ తానే అందిస్తానన్నాడు. ఆ మాట చెవిన పడ్డ మరుక్షణం నుంచి పాండురంగానికి అది కూతురు చేసిన పనిగా కాక దుకాణం సొత్తుగా కనిపించసాగింది.

దుకాణం సొత్తంటే కొడుకు హరీష్ సొత్తే కదా. పెండ్లయితే శ్రీలత ఇంకో ఇంటికి పోతుంది, పేరు ఇక్కడే ఉండాలె, అన్నాడాయన. శ్రీలత ఒకసారి వాదించింది. రెండోసారి అన్నం మానేసింది. మూడోసారి సరేనంది. సొమ్మొకరిది, సోకొకరిది అని సరస్వతికి నోటిదాకా వచ్చింది గానీ, పెండ్లయిన నాటి నుంచీ ఎన్నో మాటల్ని మింగినట్టే దాన్నీ మింగేసింది.

"ఇది ఒప్పుకోనోనికి లోపలికి తొవ్వ ఉండొద్దు బిడ్డా. ఎంతటోడైనా సరే," అంటున్నాడు పాండురంగం.

శ్రీలత ఓపికగా వివరించింది. సాఫ్ట్‌వేర్‌ను డిస్క్ ఇమేజ్ అనే ఫైల్లో పెట్టి ఇస్తారు. అది సీలు వేసిన డబ్బా లాంటిది. దాని మీద నొక్కగానే ముందు ఒప్పందం కనబడుతుంది. దానికి తామే తెలుగులో రాసిన ఒప్పందాన్ని అతికిస్తోంది. కింద రెండు మీటలు. ఎడమ దిక్కు 'ఒప్పుకుంటున్నాను' నొక్కితే డబ్బా తెరుచుకుంటుంది. కుడి దిక్కు 'ఒప్పుకోను' నొక్కితే అక్కడికక్కడే మూతపడుతుంది. పాండురంగానికి ఆ కట్టుదిట్టం తెగ నచ్చింది.

టిఫిన్ల వేళకు ఓంప్రకాశ్ మిఠాయి డబ్బాతో దిగాడు. పాండురంగం తన కొడుకు తెలివిని పొగుడుతుంటే హరీష్ తల ఫోన్లోకి దించేశాడు. ఆ దించడంలో సిగ్గుందని కన్నతల్లికి తెలిసింది. లాప్‌టాప్ తెరకు కుంకుమ బొట్టు పెట్టి పాండురంగం భార్యను పిలిచాడు. ఏడాదిలో మొదటి శుభలేఖ ఆమె చేతనే అచ్చు మొదలుపెట్టించడం ఆ దుకాణం ఆనవాయితీ. ఆమె చేయి మంచిదని ఆయన నమ్మకం. చేతి మీద ఉన్న నమ్మకం నోటి మీద ఎన్నడూ లేదనుకోండి, అది వేరే సంగతి.

సరస్వతి చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. శ్రీలత సాఫ్ట్‌వేర్ డబ్బా మీద నొక్కింది. ఒప్పందం తెర మీదికి వచ్చింది.

"ఆ ఎడమ దిక్కుది నొక్కు," అన్నాడు పాండురంగం.

సరస్వతి కళ్లద్దాలు పెట్టుకుంది. ఇలాంటి ఒప్పందాలను లోకంలో ఎవరూ చదవరని ఓంప్రకాశ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. పెండ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ దుకాణంలో ప్రతి శుభలేఖ ప్రూఫూ చదివేది ఆమే. పేరు పేరునా ఆమె కన్ను పడనిదే ఒక్క కార్డూ అచ్చుకు పోదు. ఏ చిన్నాయన పేరు తప్పినా పెండ్లి పందిట్లో కుర్చీలు లేస్తాయని ఆమెకు తెలుసు. చివరి అక్షరం దాకా చదివింది. మళ్లీ పైకి పోయి పేర్లున్న చోట ఆగింది. తర్వాత కుడి దిక్కు మీట నొక్కింది.

ఒప్పందం మూతపడింది. తెర మీద కుంకుమ బొట్టొక్కటే మిగిలింది.

"తప్పు నొక్కినవ్," అన్నాడు పాండురంగం.

"చూసే నొక్కిన."

ఆయన శ్రీలత చేత మళ్లీ తెరిపించాడు. సరస్వతి మళ్లీ 'ఒప్పుకోను' నొక్కింది. ఈసారి గట్టిగా నొక్కింది.

పాండురంగం ముఖం ఎర్రబడింది. ఇంకో తొవ్వలో తెరువమని కూతురి మీద గద్దించాడు. శ్రీలత తల్లి వంక చూసింది, తండ్రి వంక చూసింది. మెల్లగా అంది, "ఒప్పుకోనోనికి తొవ్వ ఉండొద్దని నువ్వే అన్నవ్ గద బాపు. ఎంతటోడైనా సరే అన్నవ్."

"బయటోళ్ల ముంగట ఇజ్జత్ తీస్తాన్రా తల్లీబిడ్డలు? ఏం తక్కువైంది నీకు?" అని భార్య మీదికి లేచాడాయన.

సరస్వతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. లేచి నిలబడలేదు. ఆ కుర్చీలోంచి కదలదలచుకోలేదు.

"నాకేం తక్కువ కాలే. అండ్ల ఒక పేరు తక్కువైంది. మొన్న నేను ప్రూఫ్ సరిచూసినంక గూడ పాలకుర్తోళ్ల కార్డుల మేనత్త పేరు అచ్చుల తప్పిపోతే, కార్డులన్నీ చింపి మళ్ల కొట్టిచ్చిన్రు మీరు. ఆడపిల్ల పేరు తప్పితే పాపం తగుల్తదన్నరు. ఊరోళ్ల ఆడపిల్లకు తగిలే పాపం మనింటి ఆడపిల్లకు తగలదా?"

"అది రేపు పోయే పిల్లనే..."

"పిల్ల అత్తగారింటికి పోతే కన్నతల్లి మారుతదా? దాన్ని కన్నది నేను. ఈ సాఫ్ట్‌వేర్‌ను కన్నది అది. తప్పున్న ప్రూఫ్ మీద నేను ఎన్నడన్న టిక్కు పెట్టిన్నా? ఇయ్యాల గూడ పెట్ట."

ఓంప్రకాశ్ తాను తెచ్చిన మిఠాయినే పరాయి సొమ్ములా చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు హరీష్ ఫోన్ పక్కన పెట్టాడు.

"బాపు, రేపు ఏ దుకాణపోడన్న ఫోన్ చేసి ఇది చల్తలేదంటే నేనేం చెప్పాలె? నాకు దాన్ని తెరుసుడు గూడ రాదు. నా పేరు తీసెయ్. నాకు రాత్రులు నిద్ర పడ్తలేదు."

భార్య ఎదురు తిరిగితే కోపం తెచ్చుకోవచ్చు. కూతురు ఎదురు తిరిగితే గదమాయించవచ్చు. లాభం పొందేవాడే వద్దంటే మాత్రం ఏం చేయాలో పాండురంగానికి తోచలేదు. ఓంప్రకాశ్ గొంతు సవరించుకుని, ఎవరి పేరున్నా తనకు ఫికర్ లేదనీ, పని చేసినవాళ్లతో మాట్లాడటమే తనకు సులువనీ చెప్పాడు. పాండురంగం కూతురి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"రాయి. తయారు చేసినవారు, సర్వహక్కులు గలవారు శ్రీలత..." అని ఆగి, అలవాటు ఊరుకోక, "శ్రీ పాండురంగం, శ్రీమతి సరస్వతి గార్ల ఏకైక పుత్రిక," అన్నాడు.

"మా పేర్లొద్దు," అంది సరస్వతి. "ఇది లగ్గం కార్డు కాదు. దాని పేరొక్కటే ఉండనియ్యుండ్రి."

హరీష్ ముందు నవ్వాడు. పాండురంగం మీసాల చాటున నవ్వు దాచుకోబోయి, దాగక, తల పట్టుకున్నాడు. శ్రీలత ఒప్పందం మార్చి డబ్బాకు మళ్లీ సీలు వేసేదాకా అందరూ సర్వపిండి తిన్నారు. సరస్వతి మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, ఎడమ దిక్కు మీట నొక్కింది. డబ్బా తెరుచుకుంది.

మగవాళ్లు దుకాణానికి పోయాక శ్రీలత వంటింట్లోకి వచ్చింది. గిన్నెలు కడుగుతున్న తల్లి వీపుకు ముఖం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"బాపు పెట్టుమన్నడు, నేను పెట్టిన. నా పేరు నేనే తీసేసుకున్న. ఎందుకు ఒప్పుకున్ననమ్మా?"

సరస్వతి నల్లా కట్టేసింది. కూతుర్ని ముందుకు తిప్పుకుంది.

"నన్ను చూసే నేర్చుకున్నవ్ బిడ్డా. చిన్నప్పటి సంది నేను అన్నింటికి సరే అనుడే చూసినవ్," అంది. తడి చేత్తోనే కూతురి చెంపలు తుడిచింది. "ఇయ్యాల్టిది గూడ చూసినవ్ గద. ఇగ ఇది నేర్చుకో."